ఉప్పుగాలిలో ల్యాప్‌టాప్



పొద్దున్నే లేచాక మా ఇంట్లో నేను మొదట చేసే పని, ఒక మెత్తని పాత నూలుగుడ్డ తీసుకుని ల్యాప్‌టాప్ మూత తుడవడం. రాత్రి తుడిచి సంచిలో పెట్టే పడుకుంటాను. అయినా తెల్లారేసరికి మూత మీద వేలు పెట్టి రాస్తే జిగురుగా తగులుతుంది. ఆ వేలు నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. మాది ఉప్పాడ. మా ఇంటికీ సముద్రానికీ మధ్య ఇప్పుడు రెండు వీధులున్నాయి. నా చిన్నప్పుడు అయిదు వీధులుండేవి.

కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద వచ్చినవాళ్ళకు మా ఊరు తెలిసే ఉంటుంది. ఒక పక్క రాళ్ళగుట్టలు, వాటి మీద విరిగిపడే కెరటాలు. ఇంకో పక్క ఇళ్ళు, కొబ్బరిచెట్లు, ఆరబెట్టిన వలలు. సముద్రం పోటు మీదున్న రోజుల్లో నీళ్ళు రోడ్డెక్కుతాయి. చీరలు కొనడానికి వచ్చేవాళ్ళు మా ఊరిని జాందానీ పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. 2009లో ఉప్పాడ జాందానీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాకు మాత్రం ముందు సముద్రం, తర్వాతే మగ్గం. ఈ రెండింటి మధ్యన ఒక మధ్యరకం ల్యాప్‌టాప్ నాలుగేళ్ళకు పైగా ఎలా నెట్టుకొస్తోందో, దానితో మేం ఏమేం పనులు చేసుకుంటున్నామో ఇవాళ మీతో చెప్పాలని వచ్చాను.

2021 జూన్‌లో కొన్నాం దీన్ని. కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజులు. మా అమ్మాయికి అప్పుడు ఇంటర్. పాఠాలన్నీ ఫోన్‌లోనే. అరచేతిలో ఇమిడే తెర మీద ఫిజిక్స్ లెక్కలు చూసి చూసి, సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. ఇక నా సంగతి. చీరలకు డిజైన్లు గీయడం నా పని. అప్పటిదాకా గ్రాఫు కాగితం మీద గీసుకుని, పిఠాపురంలో తెలిసినవాళ్ళ కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎక్కించుకునేదాన్ని. లాక్‌డౌన్‌తో ఆ దారీ మూసుకుపోయింది. చీటీ పాడి, వచ్చిన డబ్బు పట్టుకుని నేనూ మా ఆయనా కాకినాడ వెళ్ళాం.

షాపులో 35 వేలది ఒకటి, 52 వేలది ఒకటి, 90 వేలది ఒకటి పక్కపక్కనే పెట్టి చూపించారు. 90 వేలది ముచ్చటగా ఉంది. రెండు వేళ్ళతో ఎత్తితే లేస్తోంది. కానీ అంత డబ్బు పెట్టి తెచ్చుకున్న వస్తువును మా ఇంట్లో భయపడుతూ వాడాలి. వాడటానికి భయపడే వస్తువు పనిముట్టు కాదు కదా. 35 వేలదాంట్లో ర్యామ్ 4 జీబీ, లోపల తిరిగే పాతరకం హార్డ్‌డిస్కు. స్విచ్చి నొక్కాక తెర మీద బొమ్మ వచ్చేలోగా మా ఆయన బయటికెళ్ళి టీ తాగి వచ్చారు.

ర్యామ్ అంటే ఏమిటో, స్టోరేజ్ అంటే ఏమిటో నన్ను చాలామంది అడుగుతారు. ర్యామ్ అంటే పని పరుచుకునే అరుగు. స్టోరేజ్ అంటే సరుకు దాచుకునే బీరువా. అరుగు ఇరుకైతే చేతిలో ఉన్న పని తీసి బీరువాలో పెడితే గానీ ఇంకో పని పరుచుకోలేం. మళ్ళీ దాన్ని తియ్యాలి, ఇది పెట్టాలి. సిస్టమ్ నెమ్మదైపోయిందని మనం విసుక్కునేది చాలాసార్లు ఈ మోత వల్లే. మేం తీసుకున్న 52 వేలదాంట్లో ర్యామ్ 8 జీబీ, స్టోరేజ్ 512 జీబీ ఎస్ఎస్‌డీ. లోపల తిరిగే చక్రం ఉండదు కాబట్టి కుదుపులకు తట్టుకుంటుంది, స్విచ్చి నొక్కిన కాసేపట్లోనే తెరుచుకుంటుంది. ర్యామ్ ఇంకోటి వేసుకోవడానికి లోపల ఖాళీ ఉందా అని కూడా అడిగాను. ఉందన్నారు. రెండేళ్ళ తర్వాత ఇంకో 8 జీబీ వేయించాను. కొన్నిటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే వీలుండదు. కొనబోయేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న మరిచిపోకండి.

ఇంటికి తెచ్చిన రోజు మా నాన్న దాన్ని చాలాసేపు చూశారు. ఆయన నలభై ఏళ్ళకు పైగా గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. నేను ఒక మామిడిపిందె బుటా గీస్తుంటే పక్కన కూర్చుని, తెర మీది గళ్ళను వేలితో చూపించి, "ఇది మన గ్రాఫు కాగితమే కదమ్మా" అన్నారు.

అది ఆయన ఊరికే అన్నమాట కాదు. జకార్డు మగ్గం చూసినవాళ్ళకు తెలుస్తుంది. మగ్గం పైన దండలా కుట్టిన అట్టలుంటాయి. అట్టలో కన్నం ఉన్నచోట పోగు లేస్తుంది, కన్నం లేనిచోట లేవదు. ఒక్కో అట్ట డిజైన్‌లో ఒక్కో వరస. ఫ్రాన్స్‌లోని లియోన్ పట్టణంలో జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో ఈ ఏర్పాటును కుదిర్చాడు. అతని రూపాన్నే 1839లో పట్టుమీద నేశారు, దానికి సుమారు 24 వేల అట్టలు పట్టాయి. ఆ పట్టు బొమ్మ ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ దగ్గరుండేది. బాబేజ్ తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఏం చెయ్యాలో చెప్పడానికి ఈ అట్టలనే ఎంచుకున్నాడు. తర్వాత 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ కన్నాల అట్టలతోనే లెక్కించాడు. కన్నం ఉందా లేదా, పోగు లేచిందా లేదా, ఒకటా సున్నానా. ఈ ల్యాప్‌టాప్ లోపల నడిచేదంతా ఆ ఉందా లేదా అన్న లెక్కే. నేతవాళ్ళ ఇంటికి కంప్యూటర్ కొత్తగా వచ్చింది అంటే నేను ఒప్పుకోను. అది పుట్టింటికి వచ్చిన ఆడపడుచు లాంటిది.

మా జాందానీ పని అట్టలతో అయిపోయేది కాదు. అంచులకు జకార్డు వాడినా, బుటా దగ్గరికి వచ్చేసరికి చిన్న చిన్న కండెలతో పోగు వెంట పోగు చేత్తో చొప్పించాల్సిందే. ఒక మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేస్తారు. కొంగు నిండా పని ఉన్న చీరకు నెల, రెండు నెలలు కూడా పడుతుంది. తిరగేసి చూస్తే వెనక వేలాడే దారం ఒక్కటీ కనిపించకూడదు. ఆ పని ల్యాప్‌టాప్ చెయ్యదు. చెయ్యాలని నేను కోరుకోను కూడా. అది చేసేది అంతకుముందు పని, గీత పని.

ఆ గీత పనిలో ఒక సూక్ష్మం చెబుతాను. గ్రాఫు మీద గుండ్రంగా గీసిన పువ్వు బట్ట మీదికి వచ్చేసరికి కోడిగుడ్డులా సాగిపోతుంది. ఎందుకంటే బట్టలో అంగుళానికి పడుగు పోగులు ఎన్నుంటాయో పేక పోగులు అన్ని ఉండవు. అంగుళానికి పడుగు 80, పేక 60 అనుకుందాం. 80 గళ్ళ అడ్డం, 80 గళ్ళ నిలువు ఉన్న పువ్వు గీశామంటే, అడ్డం అంగుళమే వస్తుంది, నిలువు మాత్రం అంగుళం మీద మూడోవంతు వస్తుంది. మా నాన్న ఈ తేడాను మనసులో పెట్టుకుని, కాగితం మీద పువ్వును కావాలనే అణిచి గీసేవారు. చూసేవాళ్ళకు అది వంకరపువ్వులా ఉండేది. ఇప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో గడినే మార్చుకుంటాను, అడ్డం మూడు నిలువు నాలుగు ఉండేటట్టు. అలా చేస్తే తెర మీద గుండ్రంగా కనిపించేది బట్ట మీదా గుండ్రంగానే దిగుతుంది. మామిడిపిందె సగం గీస్తే మిగతా సగాన్ని అద్దంలో నీడలా అదే తిప్పి పెడుతుంది. మా నాన్నకు రెండు రోజులు పట్టే గీత నాకు ఒక పూటలో అవుతుంది. మిగిలిన పొద్దంతా తప్పులు దిద్దుకోవడానికి వాడతాను. తొందరగా అయిపోయిందని వదిలేస్తే ఆ తొందర చీరలో కనబడుతుంది.

మధ్యరకం ల్యాప్‌టాప్‌కు ఒక పెద్ద కొరత తెర దగ్గరే ఉంది. మెమరీ గురించి, ప్రాసెసర్ గురించి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు, తెర ఎన్ని రంగులు చూపగలదో రాయరు. ఈ ధరలో వచ్చే చాలా తెరలు ముదురు రంగులను వెలిసిపోయినట్టు చూపిస్తాయి. కుంకుమ ఎరుపు ఇటుక రంగులా, నెమలి కంఠం నీలం నలుపులో కలిసిపోయినట్టు అనిపిస్తాయి. మొదటి ఏడాది ఆ తెరను నమ్మి ఒక చీర అంచుకు రంగు చెప్పాను. పట్టు అద్దకం అయ్యాక చూస్తే గుండె జారిపోయింది. నేను అనుకున్న దానికంటే రెండింతలు మండిపోతున్న ఎరుపు అది. అప్పటినుంచి తెర మీద గీతలు మాత్రమే చూస్తాను. రంగు విషయం వస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి, పట్టు చిలపలు వెలుగులో పెట్టి చూసుకుంటాను. తెర మీద రంగులకు పేర్లకు బదులు అంకెలు వేసుకుని, ఏ అంకెకు ఏ చిలపో నోటుపుస్తకంలో దారపు ముక్క అతికించి పెట్టుకున్నాను.

ఇక ఉప్పు సంగతి.

2023 వర్షాకాలంలో ఒక రోజు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కలేదు. అంతకు నెల ముందునుంచే ఫ్యాను గరగరలాడుతోంది. మూత తెరుస్తుంటే కీలు దగ్గర కిర్రుమంటోంది. పెన్‌డ్రైవ్ పెడితే ఒకసారి పట్టుకునేది, ఒకసారి పట్టుకునేది కాదు. నేను పట్టించుకోలేదు. అది నా పొరపాటు. పట్నంలో ఒక సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే రెండు రోజులుంచుకుని, మదర్‌బోర్డు పోయింది, మార్చాలి, 22 వేలు అవుతుందన్నారు. వారంటీ ఏనాడో అయిపోయింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. డబ్బు కోసమే కాదు, అందులో మూడు పెళ్ళి చీరల డిజైన్లు సగంలో ఉన్నాయి.

మా తమ్ముడు బతిమాలి ఇంకోచోటికి తీసుకెళ్ళాడు. చిన్న కొట్టు, రెండు బల్లలు పట్టేంత జాగా. ఆ కుర్రాడు అడుగు మూత విప్పి, టేబుల్‌లైటు కిందికి జరిపి, "అక్కా, ఇటొచ్చి చూడండి" అన్నాడు. ఛార్జింగ్ పిన్ను వెనక బోర్డు మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది, అచ్చం తోమకుండా వదిలేసిన రాగిచెంబుకు పట్టినట్టు. ఫ్యాను రెక్కల మీద బూడిద రంగు పేస్టులా పేరుకుపోయింది. "సముద్రం దగ్గరుంటారా అక్కా? బోర్డు పోలేదండి, దీనికి ఉప్పు కొట్టింది" అన్నాడు.

ఉప్పు గాలిలోని చెమ్మను తాగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పుకణం తనంతట తానే కరిగి నీటిబొట్టు అయిపోతుంది. మా తీరంలో చాలా రాత్రులు తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫ్యాను పగలంతా గాలి పీల్చి లోపలికి చేర్చిన ఉప్పు, రాత్రి ల్యాప్‌టాప్ చల్లారి కూర్చున్నాక నీరై, రాగి మీద, తగరం మీద పని మొదలుపెడుతుంది. కరెంటు నడిచే రెండు పిన్నుల మధ్య ఆ ఉప్పునీరు చేరితే తినేయడం ఇంకా తొందరగా జరుగుతుంది. మా ఊళ్ళో ఇనప కిటికీలు, సైకిళ్ళు, కరెంటు మీటర్లు ఎందుకు పాడైపోతాయో అందరికీ తెలుసు. బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌కు కూడా అదే గతి అని మాత్రం మాకు తోచలేదు.

ఆ అబ్బాయి బ్యాటరీ కనెక్షన్ ముందు ఊడదీశాడు. ఒక చిన్న సీసాలోంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసి, మెత్తటి బ్రష్షుతో ఆ చిలుమును నెమ్మదిగా కడిగాడు. ఆ బ్రష్షు మా నాన్న జరీ మీది దుమ్ము దులిపే కుంచెలాగే ఉంది. కడిగి, ఆరనిచ్చి, ఛార్జింగ్ పిన్ను మార్చి, ఫ్యాను శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకి కొత్తది రాశాడు. మొత్తం పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. స్విచ్చి నొక్కితే లైటు వెలిగింది. నేను అక్కడే కూర్చుని మూడు డిజైన్లూ తెరిచి చూసుకున్నాను. ఇలాంటి చేతిపని తెలిసినవాళ్ళు చిన్న ఊళ్ళలో, సందుల్లో చాలామంది ఉన్నారు. మార్చేయండి అనడానికి ముందు విప్పి చూసే మనుషులు వాళ్ళు. వాళ్ళు బతికి ఉంటేనే మా మధ్యరకం వస్తువులు బతుకుతాయి.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని అలవాట్లు మారాయి. సముద్రం వైపు కిటికీ కింద బల్ల ఉండేది, దాన్ని లోపలి గదిలోకి మార్చాం. పని అయిపోగానే ల్యాప్‌టాప్‌ను గుడ్డసంచిలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో, సంచుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు దానితోపాటు వేసి బీరువాలో పెడతాను. ఆ పొట్లాలు కొన్నాళ్ళకు చెమ్మ తాగి నిండిపోతాయి, అప్పుడు మార్చేయాలి. వాడకపోయినా రోజూ ఒక అరగంట ఆన్ చేసి ఉంచుతాను, ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. ఏడాదికోసారి, వర్షాలు వెనకబట్టాక, ఆ అబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళి విప్పించి తుడిపిస్తాను. దసరాకు మగ్గానికి పూజ చేసేముందు విప్పి తుడుచుకుని నూనె పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. ల్యాప్‌టాప్‌ను కూడా ఆ వరసలోకే తెచ్చాను. ఆయుధపూజ నాడు దానికీ బొట్టు పెడతాం. స్క్రీను మీద కాదు, మూత మీద.

బ్యాటరీ గురించి కూడా రెండు మాటలు. లిథియం బ్యాటరీకి ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండటం మంచిది కాదు, ఎండవేడిలో అసలే మంచిది కాదు. మాది పని చేస్తున్నంతసేపూ ప్లగ్గులోనే ఉంటుంది కాబట్టి 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోయేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు ఆ సదుపాయం ఉంది, వెతుక్కోవాలి అంతే. నాలుగేళ్ళ తర్వాత కూడా కరెంటు పోతే రెండున్నర గంటలు లాగుతోంది. పిఠాపురంలో నేను పనిచేసిన పాత డెస్క్‌టాప్ కరెంటు పోగానే ఆరిపోయేది. సేవ్ చెయ్యని డిజైన్ దాంతోపాటే పోయేది. ఆ భయం పోవడమే నాకు ల్యాప్‌టాప్ ఇచ్చిన పెద్ద సుఖం.

ఒకసారి మాత్రం బ్యాటరీని 100 శాతం నింపాను. 2025 అక్టోబర్ 27న. మొంథా తుపాను వస్తోందని, తీరం వాళ్ళందరినీ ఖాళీ చేయమన్నారు. మర్నాడు రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికే మా దగ్గర సముద్రం రాళ్ళు దాటి వచ్చేస్తోంది. మేం బట్టలు, బియ్యం, పొలం కాగితాలు, మగ్గం మీద నుంచి కోసి చుట్టిన సగం చీర, ల్యాప్‌టాప్ పట్టుకుని బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి వెళ్ళాం. ల్యాప్‌టాప్‌ను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, ఆ పైన చీర చుట్టాను. రాత్రి కరెంటు లేదు. ఒకరి తర్వాత ఒకరి ఫోన్లు చచ్చిపోతున్నాయి. మా అమ్మాయి తెర వెలుగు పూర్తిగా తగ్గించి, ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగ పెట్టి ఫోన్లు ఛార్జ్ చేయడం మొదలుపెట్టింది. మా బ్యాటరీ కొత్తలో 45 వాట్-అవర్లు. ఒక మామూలు ఫోన్ పూర్తిగా నిండాలంటే దాదాపు 19 పడుతుంది. లెక్కకు రెండు ఫోన్లు నిండుతాయి. అందుకని ఎవరికీ నిండా ఇవ్వలేదు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఒక కబురు చెప్పడానికి, ఒక కబురు వినడానికి సరిపడా. వరసలో పదకొండు మంది నిలబడ్డారు. హైదరాబాదులో కొడుకులున్న ఒక ముసలమ్మ తన వంతు పక్కనున్న బాలింతకు ఇచ్చేసి వెళ్ళి కూర్చుంది.

వేటకు వెళ్ళే కుటుంబాలకు కూడా ఈ ల్యాప్‌టాప్ ఏదో ఒక పనికి వస్తూనే ఉంది. మా పక్కపేట బాబాయి ఒకాయన సాయంత్రాలు వచ్చి, "అమ్మాయ్, రేపు సముద్రం ఎలా ఉందో చూడు" అంటారు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది. అలల ఎత్తు, గాలి వేగం వాళ్ళు ముందుగా చెబుతారు. నీటి ఉపరితలం వేడి, నీళ్ళలో పచ్చదనం ఉపగ్రహాలతో చూసి చేపలు ఎక్కడ గుమిగూడవచ్చో కూడా చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో చేపల జాడ ఇవ్వరు. అదే పటం ఫోన్‌లో చూస్తే బాబాయికి గీతలు కనబడవు. పదిహేను అంగుళాల తెర మీద అయితే కళ్ళద్దాలు సర్దుకుని, ఏ గీత ఏ దిక్కునుందో వేలితో కొలుచుకుంటారు. చివరికి బయటికెళ్ళి గాలి వాసన చూసి తన నిర్ణయం తాను తీసుకుంటారు. రెండూ చూస్తారు ఆయన.

తెలుగులో టైపు చేయడం నాకు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు మీకు చదువుతున్న ఈ ప్రసంగం ఈ ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే కొట్టాను. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు ఉంటాయి, కుడిచేతి వైపు హల్లులు. క కుడిచేత్తో, దాని గుడి ఎడమచేత్తో. మగ్గంలో నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు విసిరినట్టే ఉంటుంది. మూడు వారాలకు చేతులు కుదిరాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగు చేరింది. అయినా మా చేనేత సొసైటీ పాత లెక్కలు, డిజైన్ల పేర్లు డీటీపీ ఫాంట్లలో కొట్టినవి ఇప్పుడు తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. ఒక్కొక్కటీ అచ్చు ప్రతి చూసుకుని మళ్ళీ కొడుతున్నాను. తామర తీగ, హంసబారు, రుద్రాక్ష అంచు. పేరు పోతే డిజైన్ కూడా సగం పోయినట్టే.

ఇదంతా చేస్తుండగానే ఇంకో పని తగులుకుంది. మా అమ్మమ్మ ఇల్లు సముద్రంలో కలిసిపోయి చాలా ఏళ్ళయింది. ఊరి అంచును కాపాడటానికి రాళ్ళు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పేర్చారు, అయినా ఒక్కో తుపానుకు ఒక్కో వరస పోతూనే ఉంది. అమ్మమ్మ ఇంటి అరుగు మీద తీసిన ఒక పాత ఫోటో మా దగ్గర మిగిలింది. ఉప్పుగాలికి దాని మూలలు పొరలు పొరలుగా లేచిపోతుంటే, ఫోన్‌తో జాగ్రత్తగా ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. అది చూసి పక్కవాళ్ళు వాళ్ళ పెళ్ళి ఆల్బములు తెచ్చారు. వాళ్ళను చూసి ఇంకొకరు. ఇప్పుడు నా దగ్గర నాలుగు వందలకు పైగా ఉన్నాయి. వీధి పేరు, ఇంటివాళ్ళ పేరు, ఏడాది తెలిస్తే ఏడాది పెట్టి దాచాను. ల్యాప్‌టాప్‌ను కూడా ఉప్పు తినగలదని నాకు తెలుసు కాబట్టి ఒక ప్రతి హార్డ్‌డిస్కులో వేసి పిఠాపురంలో మా చెల్లెలి ఇంట్లో ఉంచాను. ఇంకో ప్రతి గూగుల్ డ్రైవ్‌లో ఉంది. అక్కడ ఉచితంగా 15 జీబీ ఇస్తారు, ఫోటోలకు ఇప్పటికైతే చాలు.

కిందటి నెలలో అమ్మమ్మ వాళ్ళ వీధిలో ఉండే పెద్దమ్మ ఒకావిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆ ఫోటో పెద్దది చేసి చూపించాను. "ఇదిగో అరుగు. ఇదిగో బావి గిలక కొంచెం కనపడతంది. ఇది మీ తాత పడక కుర్చీ" అంటూ తెర మీద వేలు పెట్టి చూపించుకుంటూ పోయింది. ఫోటో అంచు దాకా వచ్చాక వేలు అక్కడే ఆపి, "ఇంకొంచెం ఇటు జరుపమ్మా, ఆ పక్కది మా ఇల్లు" అంది.

ఫోటో అక్కడితో అయిపోయింది పెద్దమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పటినుంచి ఆ పక్కింటి కోసం వెతుకుతున్నాను. ఎవరి పెళ్ళి ఊరేగింపు ఫోటోలోనో, ఎవరి పిల్లవాడి అన్నప్రాసన ఫోటో వెనకో ఆ ఇంటి గోడ ఉండే ఉంటుంది. నీలం రంగు తలుపులట, ముందు నందివర్ధనం చెట్టట. ఉప్పాడ నుంచి కాకినాడకో, సూరత్‌కో, హైదరాబాదుకో, ఇంకా దూరాలకో వెళ్ళి స్థిరపడినవాళ్ళెవరైనా ఈ మాటలు వింటుంటే, అటక మీది పాత పెట్టెలు ఒకసారి దించి చూడండి. ఫోటోలో మీవాళ్ళ మొహాలే కాదు, వెనక ఏముందో కూడా చూడండి. ఊరికి వచ్చినప్పుడు తీసుకురండి, పది నిమిషాల్లో ఎక్కించుకుని మీ ఫోటో మీకు ఇచ్చేస్తాను. నా ల్యాప్‌టాప్‌లో ఇంకా 180 జీబీ ఖాళీ ఉంది.